ఢిల్లీలో నా డిప్లొమాకు మూడు ముద్రలు

మా దుకాణం ఉన్న దేశం పేరు ఇక్కడ రాయను. గల్ఫ్‌లో ఉందంటే చాలు. మళ్ళీ అక్కడికే వెళ్ళాలి, వీసా ఇంకా పద్నాలుగు నెలలుంది. నోరు మూసుకునే అలవాటు నాకు ఎటూ లేదు కాబట్టి కనీసం దేశం పేరైనా దాచుకుంటాను.

నా పేరు రత్నకుమారి. భీమవరం దగ్గర పల్లెటూరు. లేడీస్ టైలర్‌ని. పదకొండేళ్ళ క్రితం ఆ దేశంలో రెండు మిషన్లతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఆరు మిషన్లు, నలుగురు పనివాళ్ళు. జాకెట్లు, నర్సుల యూనిఫారాలు, అక్కడి ఆడవాళ్ళు పైన వేసుకునే నల్ల గౌన్లు, అన్నీ కుడతాం. దుకాణం నాది అని నేను అంటాను. కాగితాలు మాత్రం సగానికి పైగా అక్కడి మనిషిది అంటాయి. పరాయి దేశం వాళ్ళు ఒంటరిగా దుకాణం పెట్టుకోవడానికి అక్కడ వీల్లేదు. మా పార్ట్‌నర్ మర్యాదస్తుడే. నెలకోసారి వచ్చి ఏసీ కింద కూర్చుని, టీ తాగి, "అంతా బాగుందా సిస్టర్" అని అడిగి వాటా తీసుకుని వెళ్తాడు. పదకొండేళ్ళలో ఒక్క బొత్తాం కుట్టిన పాపాన పోలేదు.

ఈ ఏడు అక్కడ కొత్త నిబంధన వచ్చింది. లైసెన్సులో సూపర్‌వైజర్‌గా ఎవరి పేరు ఉంటుందో వాళ్ళకి కుట్టుపనిలో డిప్లొమా ఉండాలట. దాని వెనక ఇండియా రాజధానిలో మూడు చోట్ల ముద్రలు వేయించాలట. నెలాఖరులోగా ఇవ్వకపోతే నా పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాస్తారు. ఆ ఇంకొకరు ఎవరో మా పార్ట్‌నర్ అప్పుడే అనుకుని పెట్టుకున్నాడు. ఆయన మరదలు. ఆవిడ సూదిలో దారం ఎక్కించడానికి మా కటింగ్ మాస్టర్‌ని పిలుస్తుంది. ఆవిడకీ డిప్లొమా లేదు కదా అంటే, "అది నేను చూసుకుంటాను సిస్టర్. నీకేం భయం లేదు, నీ జీతం నీకు వస్తుంది" అన్నాడు. నా దుకాణంలో నాకు జీతం. ఒళ్ళు మండిపోయింది. కానీ అక్కడ ఒళ్ళు మండినా మొహం నవ్వుతూనే ఉండాలి. వీసాతో పాటు అదీ స్టాంపు కొట్టి పంపిస్తారు.

అదృష్టవశాత్తూ నాకు డిప్లొమా ఉంది. ఇరవై ఆరేళ్ళ క్రితం భీమవరంలో ఏడాది కోర్సు చేశాను. సెలవు పెట్టి ఇంటికి వచ్చి బీరువా తీస్తే, అద్దంలా మెరుస్తూ కనబడింది. మా నాన్న దాన్ని లామినేషన్ చేయించాడు. మా వైపు ఇంట్లో విలువైన కాగితం దేనికైనా అదే గతి. రేషన్ కార్డు, పదో తరగతి మార్కుల లిస్టు, మా అన్న పెళ్ళి శుభలేఖ, పొలం శిస్తు రసీదు, అన్నీ ప్లాస్టిక్కులో సమాధి అయి ఉన్నాయి. నాన్న మనసులో నన్ను కాపాడే పనే చేశాడు. పోయినవాణ్ణి ఏమనను.

ఆదివారం ఉదయం తొమ్మిది నలభైకి విజయవాడలో ఢిల్లీ రైలెక్కాను. థర్డ్ ఏసీ, కింది బెర్తు. పులిహోర, చేగోడీలు, రెండు లీటర్ల నీళ్ళు వెంట తెచ్చుకున్నాను. డిప్లొమాని రెండు అట్టల మధ్య పెట్టి, టవల్లో చుట్టి, దిండు కింద పెట్టుకున్నాను. అనుసరించదలచినవారికి సలహా: రైల్లో కూరలు తినకండి, పెరుగన్నం కొనుక్కోండి.

మధ్యాహ్నం వరంగల్‌లో ఎదురు బెర్తులోకి శిరీష అనే అమ్మాయి ఎక్కింది. ఊరు జగిత్యాల, వయసు ఇరవై తొమ్మిది. ఢిల్లీలో సివిల్స్‌కి చదువుతోంది, ఇది నాలుగో ప్రయత్నం. పెట్టెలో బట్టల కంటే పుస్తకాలే ఎక్కువ ఉన్నాయి. సాయంత్రానికి నా పులిహోర సగం తనదయింది, నా కథ మొత్తం తనకి తెలిసింది. డిప్లొమా చూపించమంది. చూపించాను.

"ఏందక్కా ఇది, లామినేషన్ చేపిచ్చిన్రా?" అని అటు తిప్పి ఇటు తిప్పింది. "దీనెనుక స్టాంపు ఎట్ల పడ్తది?"

"ప్లాస్టిక్ మీద కొడతారు కదమ్మా."

"నేను ఆఫీసర్ అయితే కొడ్త. వాళ్ళు కొట్టరు."

అప్పుడు నాకు నవ్వొచ్చింది. చదువుకున్న పిల్లలు ప్రతిదానికీ భయపెడతారని అనుకుని పడుకున్నాను.

సోమవారం సాయంత్రం అయిదుకి ఢిల్లీలో దిగాం. హోటలెందుకు, మా పీజీలో బెడ్డు ఖాళీగా ఉందని శిరీష నన్ను ఓల్డ్ రాజిందర్ నగర్ తీసుకెళ్ళింది. రోజుకి ఆరు వందలు, పొద్దున పరాఠా వాళ్ళదే. ఆ వీధిలో మనుషులకంటే ఫ్లెక్సీ బోర్డుల మీద ర్యాంకర్ల మొహాలే ఎక్కువ. ప్రతి గదిలో నలుగురు, ప్రతి మెట్టు మీద ఒకరు, అందరూ దేశాన్ని ఎలా పరిపాలించాలో బట్టీ పడుతున్నారు. దేశం వాళ్ళకోసం కాచుకుని ఉన్నట్టు నాకైతే కనిపించలేదు.

పీజీ మేనేజర్ గుర్తింపు కార్డు అడిగాడు. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ ఆ దేశపు రెసిడెన్సీ కార్డు తీసి ఇచ్చాను. అతను దాన్ని లైటు కింద పెట్టి చూసి, "మేడం, ఫారినర్ కా ఫారం అలగ్ హై" అని వేరే కాగితం తీశాడు. ఇండియాకి ఎందుకు వచ్చారు, ఎప్పుడు వెళ్ళిపోతారు అని అందులో ఉంది. నేను భీమవరం మనిషినని నా హిందీలో చెప్పాను. నా హిందీ గల్ఫ్‌లో పఠాన్ డ్రైవర్ల దగ్గరా బెంగాలీ దర్జీల దగ్గరా నేర్చుకున్నది. అది వినగానే అతనికి అనుమానం రెట్టింపయింది. చివరికి ఆధార్ కార్డు చూపిస్తే స్వదేశంలోకి రానిచ్చాడు. అక్కడ ఫారినర్‌నే, ఇక్కడా రెండు నిమిషాలు ఫారినర్‌నే అయ్యాను.

మంగళవారం ఉదయం పది గంటలకి మెట్రోలో రాజీవ్ చౌక్ వెళ్ళి, కన్నాట్ ప్లేస్ వెనక మూడో అంతస్తులో గుప్తాజీ ఆఫీసు పట్టుకున్నాను. ఈ ముద్రలు ఎవరికి వాళ్ళు వెళ్ళి వేయించుకునేవి కావు, ఏజెంట్ల ద్వారా వెళ్ళాలి. ముందు ఒక చిన్న ఆఫీసు, తర్వాత ఒక పెద్ద ఆఫీసు, ఆఖరికి ఆ దేశపు ఎంబసీ. గుప్తాజీ నా డిప్లొమాని వేలితో టకటకా కొట్టి, తీసుకోకుండానే తిరిగి ఇచ్చేశాడు.

"లామినేషన్ నహీ చలేగా, దీదీ. కాగజ్ లాయియే."

"కాగితం లోపలుంది కదండీ."

"అందర్ హై నా. బాహర్ లాయియే."

కొత్తది తెచ్చుకుందామంటే నాకు డిప్లొమా ఇచ్చిన ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు కల్యాణ మండపం. ప్రిన్సిపాల్ గారి గదిలో వంటలు చేస్తున్నారు. నెలాఖరుకి పదిహేను రోజులుంది. దీన్ని తీసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, చావడీ బజార్‌లో ఉన్నారని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీలు అచ్చువేయించి ఉన్నాయి. అంటే మన వాళ్ళు రోజూ ఎంతమంది వస్తున్నారో మీరే ఊహించుకోండి.

మధ్యాహ్నం రెండింటికి చావడీ బజార్‌లో దిగాను. శుభలేఖల దుకాణాల మధ్య, మనిషి అడ్డంగా పట్టని సందులో, ఒక ముసలాయన బల్ల మీద బట్టల ఇస్త్రీ పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ గోడలకి ఆయన విముక్తి చేసిన సర్టిఫికెట్ల ప్లాస్టిక్ తొడుగులు వేలాడుతున్నాయి. పని మూడు వందలు, గ్యారంటీ లేదు అన్నాడు. నాకంటే ముందున్న సర్దార్జీ కొడుకు డిగ్రీ అప్పుడే బయటపడింది. బాగానే వచ్చింది.

ఆయన పెట్టె వేడి చేసి నా డిప్లొమా మీద పలచటి కాగితం పరిచాడు. ఇక్కడే నేను చెయ్యకూడని పని చేశాను. ఇరవై ఆరేళ్ళుగా ఇస్త్రీ పెట్టె పట్టుకుంటున్న మనిషిని నేను. ఆయన చెయ్యి వణుకుతోంది, వేడి ఎక్కువైందని నాకు అనిపించింది. సిల్కుకి పెట్టే వేడి చాలని ముక్కలు ముక్కలు హిందీలో చెప్పాను. ఆయన నవ్వి, ఇది గుడ్డ కాదు బేటీ అన్నాడు. మా దుకాణంలో ఎవరైనా పెట్టె పట్టుకునే తీరు నాకు నచ్చకపోతే చేతిలోంచి లాక్కుంటాను. అలవాటు కొద్దీ ఇక్కడా లాక్కున్నాను. వేడి తగ్గించాను, ఒక మూలనుంచి పైన ప్లాస్టిక్కుని మెల్లగా, జరీ అంచు విప్పినంత నిదానంగా లాగాను. అంచు వచ్చింది, ఇన్‌స్టిట్యూట్ పేరు వచ్చింది, గుండ్రటి సీలు వచ్చింది, ప్రిన్సిపాల్ సంతకం వచ్చింది. నడిమధ్య మాత్రం చిన్న కిర్రుమన్న చప్పుడైంది.

మిగతాదంతా ప్రెస్సులో అచ్చయింది. నా పేరు ఒక్కటి తర్వాత కంప్యూటర్లో కొట్టించారు. ఆ కంప్యూటర్ సిరా కాగితాన్ని వదిలేసి ప్లాస్టిక్కుకి అంటుకుపోయింది. కాగితం మీద "ఈమె కుట్టుపనిలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైనది" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉంది. ఎవరు ఉత్తీర్ణురాలైందో చెప్పాల్సిన చోట తెల్లగా ఉంది. ప్లాస్టిక్కులోంచి చూస్తే నా పేరు చక్కగా చదవడానికి వస్తోంది. ముసలాయన పెట్టె తీసుకుని, వెనకవైపు ప్లాస్టిక్ తనే ఊడదీసి, నాకు టీ తెప్పించాడు. డబ్బు వద్దన్నాడు. నేను బల్ల మీద పెట్టి, ప్లాస్టిక్ తొడుగు సంచిలో వేసుకుని వచ్చాను. తప్పు నాదే, ఇంకెవరి మీదకి తోసేది. మెట్రోలో నిలబడి ఏడ్చాను. ఢిల్లీ మెట్రోలో ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు, సీటు కూడా ఇవ్వరు.

సాయంత్రం శిరీషకి చూపించాను. కాగితాన్నీ ప్లాస్టిక్కునీ పక్కపక్కన పెట్టి చూసింది.

"నీ పేరు నువ్వే రాసుకో అక్కా" అంది మొదట. వెంటనే తనే నాలుక కరుచుకుంది. "వద్దు వద్దు. సర్టిఫికెట్ మీద చెయ్యి పెడితే ఫోర్జరీ అయితది. మొన్ననే చదివిన. జైలు."

"నా పేరు నేను రాసుకుంటే ఫోర్జరీనా?"

"నీ పేరైనా అంతే."

బుధవారం పొద్దున గుప్తాజీ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేశాను. ఆయన కాగితాన్ని వెనక్కి తిప్పాడు. వెనకవైపు శుభ్రంగా, తెల్లగా ఉంది. మొహం వెలిగిపోయింది. "పీఛే బిల్కుల్ సాఫ్ హై. ఠీక్ హై" అన్నాడు. ముందువైపు పేరు లేదండీ అన్నాను. కావాలంటే అదే అక్షరాల్లో పేరు కొట్టించి ఇస్తాను, పైన ఇంకో అయిదు వందలు అన్నాడు. దొంగ పని నాకొద్దని గట్టిగా చెప్పాను. వద్దంటే వద్దు, ముద్ర వెనకే కదా పడేది అని కాగితం లోపల పెట్టుకున్నాడు.

పేరు లేని కాగితాన్ని ఏ ఆఫీసైనా మొహాన కొడుతుందనీ, నా దుకాణం కథ అక్కడితో ముగుస్తుందనీ అనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి గుప్తాజీ ఫోను. చిన్న ఆఫీసు ముద్ర వేసింది. గురువారం అయిదింటికి మళ్ళీ ఫోను. పెద్ద ఆఫీసూ వేసింది, వెళ్ళి కాగితం తెచ్చుకున్నాను. రెండు ముద్రల కిందా చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. శిరీష చదివి చెప్పింది: లోపల రాసిన విషయానికి ఈ ఆఫీసు బాధ్యత వహించదు.

"మరి దేనికి బాధ్యత?" అన్నాను.

"కింది ఆఫీసర్ సంతకం అసలుదే అని చెప్తరక్కా. చిన్నాయన సంతకం నిజమని పెద్దాయన, పెద్దాయన సంతకం నిజమని ఎంబసీ."

"మరి డిప్లొమా ఉన్న మనిషి కుట్టుపని నేర్చుకుందా లేదా అని చెప్పేదెవరు?"

"అది సిలబస్‌ల లేదు."

శుక్రవారం ఎంబసీకి మాత్రం నేనే వెళ్ళాలన్నారు. చాణక్యపురికి ఆటోలో నూట ఎనభై. తొమ్మిదిన్నరకి క్యూలో నిలబడితే పదకొండుంబావుకి కిటికీ దగ్గరికి చేరాను. లోపల కూర్చున్నది మన దేశం కుర్రాడే, టై కట్టుకున్నాడు. ఇక నా వల్ల కాలేదు. రేపు ఎవరో పట్టుకుంటే జైలుకి పోయేకంటే ఇక్కడే చెప్పేయడం మేలనుకున్నాను. సంచిలోంచి ప్లాస్టిక్ తొడుగు తీసి, డిప్లొమా మీద సరిగ్గా పరిచి, నా పేరు దాని చోట కూర్చునేలా చూపించాను. జరిగింది చెప్పాను.

అతను ఓపికగా విన్నాడు. "మేడం, ప్లాస్టిక్ నాట్ అలౌడ్" అని తొడుగు వెనక్కి ఇచ్చాడు. కాగితాన్ని బోర్లా తిప్పి, రెండు ముద్రలూ లెక్కపెట్టి, రసీదు ఇచ్చాడు. ముందువైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకి వెళ్ళాను. అంతా మన కోస్తా నర్సులే. తర్వాత టీ తాగుతూ నా కథ చెబితే నవ్వుతారనుకున్నాను. ముగ్గురి మొహాలు పాలిపోయాయి. ఒకావిడ అక్కడికక్కడే ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, "నా నర్సింగ్ సర్టిఫికెట్ లామినేషన్‌కి ఇచ్చావా? ఇవ్వకు, నీకు దణ్ణం పెడతాను" అంది. ఆవిడ కూతురు పక్కనే నిలబడి, "క్యా హువా మమ్మీ" అని అడిగింది.

సోమవారం మూడింటికి డిప్లొమా చేతికొచ్చింది. వెనకవైపు మూడు ముద్రలు, పచ్చ సిరా, ఎర్ర సిరా, మెరిసే స్టిక్కర్. ముందువైపు ఎవరూ లేరు. ముద్రల వైపు ఫోటో తీసి మా పార్ట్‌నర్‌కి పంపించాను.

మంగళవారం ఉదయం ఆరింటికి శిరీష నన్ను స్టేషన్‌లో దింపింది. ప్లాట్‌ఫాం మీద కూడా చేతిలో నోట్సు ఉంది. "నువ్వు ఆఫీసర్‌వి అయితే కాగితం ముందువైపు చూడమ్మా" అన్నాను. "చూస్త అక్కా. అయితే" అంది. ఆ చివరి మాట వెనక నాలుగేళ్ళున్నాయి.

రైలు మథుర దాటాక పార్ట్‌నర్ ఫోన్ చేశాడు. గొంతులో ఇంత ప్రేమ ఎప్పుడూ వినలేదు.

"మాషా అల్లా సిస్టర్, మూడు స్టాంపులూ వచ్చాయి. నువ్వు దిగగానే ఒరిజినల్ నాకు ఇచ్చెయ్. ఆఫీసులో నేనే ఇస్తాను. నీకెందుకు శ్రమ."

నిజమే, అక్కడ ఫైలు ఇవ్వాల్సింది ఆయనే. పరాయి వాళ్ళ చేతినుంచి ఆ ఆఫీసు కాగితం తీసుకోదు. ఫోన్ పెట్టేశాక గాని నాకు తట్టలేదు. పది రోజులుగా ఆ ముద్రలు పడతాయా పడవా అని చచ్చాను. ఇప్పుడు అసలు ముద్రలున్న కాగితంలో పేరు రాయడానికి తెల్లటి చోటు వదిలి, తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టబోతున్నాను. మరదలికి డిప్లొమా "నేను చూసుకుంటాను" అన్న మనిషికి. ఇంతకంటే మంచి కానుక ఆయన కలలో కూడా అడిగి ఉండడు.

ఢిల్లీ వెళ్ళదలచినవారికి నేను చెప్పేది ఇంతే. విలువైన కాగితాలని ప్లాస్టిక్కులో పెట్టకండి. ఇస్త్రీ పెట్టె ఎవరి చేతిలో ఉందో వాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి. అక్కడ మనుషులు మంచివాళ్ళే, టీ తాగించేవాళ్ళున్నారు, బెడ్డు ఇప్పించేవాళ్ళున్నారు. కాగితాలు కాగితాలనే నమ్ముతాయి గాని మనిషిని నమ్మవు. పరాయి దేశంలో బతికేవాళ్ళకి ఇది కొత్త కాదు, అయినా సొంత రాజధానిలో చూస్తే బాధనిపించింది.

ఝాన్సీలో రైలు ఆగింది. ఎనిమిది నిమిషాలు ఆగుతుందని ఎదురు బెర్తు పెద్దాయన చెప్పాడు. పాస్‌పోర్టు తీసి తెరిచి పక్కన పెట్టుకున్నాను. అట్ట మీద డిప్లొమా పరిచి, నల్ల సిరా పెన్నుతో, పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, అదే వరసలో, తెల్లటి చోట నా పేరు రాశాను. ఆ కాగితం మొత్తంలో నేరం ఏదైనా ఉంటే అదొక్కటే. నిజం అని ఎవరైనా ప్రమాణం చేసి చెప్పగలిగిందీ అదొక్కటే.

"ఏవమ్మా, ఏదైనా ఫారమా?" అన్నాడు పెద్దాయన.

"అవునండీ, నింపడం మర్చిపోయారు" అన్నాను. సిరా ఆరేదాకా ఒళ్ళో పెట్టుకుని ఊదుతూ కూర్చున్నాను.